ఏ ఏటి అలీ?

పెనుగొండలో మా పెదనాన్నగారింటి వీధరుగు మీద కిందటి సంక్రాంతి మూడు రోజులూ ఒకటే వాదన. మహమ్మద్ అలీ, ఒలెక్సాండర్ ఉసిక్ బరిలోకి దిగితే ఎవరు గెలుస్తారు? పెదనాన్నగారిది అలీ పక్షం. 1980 మొదట్లో అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నారు. జనంలో ఎక్కడో వెనక నిలబడి చూశారట. ఆయన మనవడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడిది ఉసిక్ పక్షం. 2024 మే 18న రియాద్‌లో టైసన్ ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్ బెల్టులు నాలుగూ ఉసిక్ ఒక్కడే కట్టుకున్న ఆ పోటీని వాడు ఫోన్‌లో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

"తాతయ్యా, మీ కాలం వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ ఇప్పటివాళ్ల తిండి వేరు, ట్రైనింగ్ వేరు. మీవాళ్లు నాలుగు రౌండ్లు కూడా ఆగలేరు."

"ఒరే, ఆ తిండీ ఆ ట్రైనింగూ అలీకి ఇచ్చి చూడరా. అప్పుడు మాట్లాడు."

కనుమ నాడు గారెలు, కోడికూర అయ్యాక ఇద్దరూ నా వైపు తిరిగారు. "సైన్సు రాస్తావు కదా, నువ్వు తేల్చు" అన్నారు పెదనాన్నగారు. నాకు వెంటనే తోచింది ఒక్కటే ప్రశ్న.

"పెదనాన్నగారూ, మీరు చెప్పేది ఏ అలీ గురించి?"

"ఏ అలీ ఏమిట్రా? ఉన్నది ఒక్కడేగా!"

ఒక్కడు కాదు. ఆయన మద్రాసులో చూసిన అలీకి 38 ఏళ్లు. అప్పటికే ఆట నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో తిరిగి రింగులోకి వచ్చి, ఒకప్పుడు తన దగ్గర సాధన భాగస్వామిగా ఉన్న లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. పదకొండో రౌండుకి అతని మనుషులు అతన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. పెదనాన్నగారి మనసులో ఉన్నది ఆ అలీ కాదు. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో ముగించిన 24 ఏళ్ల కుర్రాడు. ఆ కుర్రాణ్ణి ఆయన ఎప్పుడూ కళ్లతో చూడలేదు, ఫిల్ములోనే చూశారు. మనవడు ఉసిక్‌ని చూసింది కూడా తెర మీదే. పైగా ఇద్దరు వీరుల పుట్టినరోజూ జనవరి 17. అలీ 1942లో పుడితే ఉసిక్ సరిగ్గా 45 ఏళ్ల తర్వాత 1987లో పుట్టాడు. రియాద్‌లో గెలిచే నాటికి ఉసిక్‌కి 37 ఏళ్లు. ఆ వయసుకి అలీ అలసిపోయి విరమించుకున్నవాడు. ఉసిక్ అప్పుడు శిఖరం మీద ఉన్నాడు. వయసు అనే ఒక్క అంకె ఇద్దరి ఒంట్లో ఒకే పని చెయ్యలేదు.

ఇలాంటి జోస్యం మా వైపు కొత్త కాదు. సంక్రాంతికి చేల మధ్య బరులు వేస్తారు. కోడిపందెం చట్టం ఒప్పని పని, కాలికి కత్తి కట్టి ప్రాణిని ప్రాణి మీదికి వదలడం నాకూ నచ్చదు. అయితే పందెం ముందు జోడీ కలిపే తీరు చూస్తే అందులో ఒక లెక్క ఉంది. రెండు పుంజుల్నీ పక్కపక్కన పెట్టి ఎత్తు, బరువు, వయసు సరిచూస్తారు. అంతవరకు అది కొలత. ఆ తర్వాత కుక్కుట శాస్త్రం అందుకుంటుంది. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అని రంగుల్ని బట్టి పేర్లు పెట్టి, ఏ రోజు ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో చెబుతుంది. ఇప్పటి మాటలో చెప్పాలంటే ఇదొక నమూనా. రంగూ రోజూ లోపలికి వేస్తే విజేత బయటికి వస్తాడు. ఏ నమూనానైనా నమ్మాలంటే అది ఎన్నిసార్లు చెప్పింది, ఎన్నిసార్లు తప్పింది అని వరసగా రాసిపెట్టుకోవాలి. తప్పిన పందేల పద్దు ఎవరూ రాయరు. నెగ్గినవాటినే చెప్పుకుంటారు.

అమెరికాలో 1967లో కంప్యూటరుతో చేసిన పని కూడా దీనికి దగ్గరదే. మయామీకి చెందిన ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత వేర్వేరు కాలాల హెవీవెయిట్ వీరులు 16 మందిని ఏరి, వాళ్ల వేగం, గుద్దు బలం, దెబ్బ ఓర్చుకునే శక్తి లాంటివాటికి బాక్సింగ్ తెలిసినవాళ్ల చేత మార్కులు వేయించాడు. వాటిని ఎన్‌సీఆర్ 315 అనే యంత్రానికి ఇచ్చాడు. యంత్రం చెప్పిన ఫలితానికి కామెంటరీ కట్టి, పోటీ నిజంగా జరుగుతున్నట్టు రేడియోలో వినిపించాడు. జనం చెవులప్పగించి విన్నారు. ఫైనల్లో జాక్ డెంప్సీ మీద రాకీ మార్సియానో గెలిచాడు. అలీ అంతకుముందే, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల వీరుడు జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు.

సైన్యంలో చేరనన్నందుకు లైసెన్సు పోగొట్టుకుని అలీ ఆటకి దూరంగా ఉన్న రోజులవి. ఆ ఊహా ఓటమి అతని గుండెకి తగిలింది. తన పేరు చెడగొట్టారని పది లక్షల డాలర్లకి దావా వేశాడు. రాజీ కుదిరి, మార్సియానోతో ఒక సినిమా పోటీకి ఒప్పుకున్నాడు. 1969లో మయామీ స్టూడియోలో ఇద్దరూ ఒక్కో నిమిషం చొప్పున డెబ్బై దాకా చిన్న చిన్న రౌండ్లు ఆడారు. 1956లోనే ఆట మానేసిన మార్సియానో, ఈ చిత్రం కోసం ఒళ్లు బాగా తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు కూడా రకరకాలుగా తీశారు. చిత్రీకరణ అయిన కొద్ది వారాలకే, ఆగస్టు 31న విమాన ప్రమాదంలో మార్సియానో పోయాడు. 1970 జనవరి 20న అమెరికా థియేటర్లలో జనం చూసిన ముగింపులో మార్సియానో పదమూడో రౌండులో అలీని పడగొట్టాడు. ఐరోపాలో చూపించిన చిత్రంలో మార్సియానో ముఖం చీరుకుపోయి అలీ గెలిచాడు.

పోటీ ఒకటే, జవాబులు రెండు. యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు. దానికి పోసింది మనుషుల అభిప్రాయాలు. అది వాటిని కూడి, హెచ్చవేసి, అంకెల రూపంలో తిరిగి ఇచ్చింది. తక్కెడ మీద వేలు పెట్టి తూచితే తక్కెడ ఎంత మంచిదైనా ఏం చెయ్యగలదు?

అభిప్రాయాల జోలికి పోకుండా గెలుపోటముల నుంచే అంకె తీసే పద్ధతి కూడా ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పుణ్యమా అని తెలుగువాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. ఎలో రేటింగ్. మిల్వాకీలో ఫిజిక్సు చెప్పిన అర్పాడ్ ఎలో చదరంగం కోసం తయారుచేస్తే, అంతర్జాతీయ సమాఖ్య 1970లో తీసుకుంది. ఇద్దరు ఆటగాళ్ల మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూరు పాయింట్లలో 76 దాకా రావాలి. 400 తేడా ఉంటే 91. అనుకున్నదానికన్నా ఎక్కువ గెలిస్తే అంకె పెరుగుతుంది, తక్కువ గెలిస్తే తగ్గుతుంది. ఎవరి ఇష్టాయిష్టాలకీ ఇందులో చోటు లేదు.

దీన్ని బాక్సింగుకి పెడదాం. అలీ, ఉసిక్ ఎదురుపడలేదు కాబట్టి మధ్యలో గొలుసు వెయ్యాలి. గొలుసు దొరుకుతుంది కూడా. జో లూయీని 1951లో మార్సియానో ఓడించాడు. మార్సియానో 1955లో ఆర్చీ మూర్‌ని పడగొట్టాడు. అదే మూర్‌ని 1962లో, ఇంకా కాసియస్ క్లే అనే పేరుతో ఉన్న అలీ నాలుగు రౌండ్లలో ముగించాడు. అలీని 1980లో హోమ్స్, హోమ్స్‌ని 1988లో మైక్ టైసన్, టైసన్‌ని 2002లో లెనాక్స్ లూయిస్ గెలిచారు. ఇలా చేతులు మారుతూ ఫ్యూరీ దాకా, ఉసిక్ దాకా రావచ్చు. వరసగా చదువుతుంటే వంశవృక్షంలా ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక్కో కొక్కెం దగ్గర ఆగి చూడండి. జో లూయీ అప్పటికి 37 ఏళ్లవాడు, డబ్బు ఇబ్బందులతో తిరిగి రింగెక్కినవాడు. మూర్ క్లే ముందు నిలబడే నాటికి నలభై దాటినవాడు. హోమ్స్ టైసన్‌తో ఆడింది 38 ఏళ్ల వయసులో, దాదాపు రెండేళ్లు ఆటకి దూరంగా ఉండి వచ్చి. చాలా కొక్కేల్లో వాలిపోతున్న పెద్దవాడూ లేచొస్తున్న కుర్రవాడూ ఉన్నారు. ఈ గొలుసుతో కొలిస్తే ప్రతి తరమూ పాతతరం కన్నా గొప్పదని వస్తుంది. అది వయసు చేసిన పని.

రెండో చిక్కు ఇంకా లోతైనది. రేటింగు అనేది తోటివాళ్ల మీద ఎంత పైచెయ్యి ఉందో చెబుతుంది, అంతే. పిల్లలు ఎదుగుతుంటే గుమ్మం మీద గీతలు గీస్తాం కదా. ఏటేటా గుమ్మం కూడా పెరుగుతుంటే ఆ గీతల్ని చూసి ఎవరు పొడుగో చెప్పగలమా? మొత్తం ఆటే మెరుగైనా, మొత్తం ఆటే దిగజారినా రేటింగుల్లో ఆ సంగతి కనబడదు. పరుగుపందెంలో ఈ బాధ కొంత తక్కువ. గడియారం అందరికీ ఒకటే. అక్కడా తిరకాసు లేకపోలేదు. 1936లో జెస్సీ ఓవెన్స్ పరిగెత్తింది బొగ్గు చూర పరిచిన దారి మీద, కాళ్లు తన్నిపెట్టడానికి చిన్న తాపీతో గుంట తవ్వుకుని. ఉసేన్ బోల్ట్ కాలికింద ఉన్నది అందుకోసమే తయారుచేసిన రబ్బరు దారి.

ఇప్పుడు ఒళ్ల సంగతి చూద్దాం. మనవడి వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. మార్సియానో రింగులోకి దిగింది 85 కిలోల బరువుతో, అంటే బస్తా మీద పది కిలోలు. హ్యూస్టన్‌లో అలీ 96 కిలోలు. రియాద్‌లో ఉసిక్ 101, అతని ఎదుట ఫ్యూరీ 119. ఇవాళ 90.7 కిలోల లోపు వాళ్లకి క్రూయిజర్‌వెయిట్ అని వేరే తరగతి ఉంది. నలభై తొమ్మిది పోటీల్లో ఒక్కటీ ఓడని మార్సియానో ఇప్పుడు పుట్టి అదే బరువుతో ఉంటే హెవీవెయిట్ అనిపించుకోడు.

గుద్దులో బరువుకి విలువెంత? 1985లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఫ్రాంక్ బ్రూనో గుద్దుని కొలిచారు. అతను పదేళ్ల తర్వాత ప్రపంచ హెవీవెయిట్ బెల్టు కూడా గెలిచాడు. పిడికిలి వేగం సెకనుకి 8.9 మీటర్లు, అంటే గంటకి 32 కిలోమీటర్లు. మా ఊరి రోడ్డు మీద మోటారుసైకిలు నింపాదిగా పోయే వేగం. తగిలిన బలం 4,096 న్యూటన్లు. అది అయిదున్నర ధాన్యం బస్తాల బరువు. తాకిన 14 మిల్లీసెకన్లలోనే ఆ బలం గరిష్ఠానికి చేరింది. రెప్ప వాల్చేలోగా అలాంటివి అయిదారు జరిగిపోతాయి. ఈ బలం చేతిలో పుట్టదు. మేటి బాక్సర్ల మీద సోవియట్ పరిశోధకులు చేసిన లెక్కలో దాదాపు 38 శాతం కాళ్ల నుంచి, 37 శాతం నడుము తిప్పడం నుంచి వచ్చింది. చేతి వాటా పావువంతుకి కాస్త తక్కువ. లారీ నుంచి బస్తా దింపే ముఠా కార్మికుణ్ణి చూడండి. బరువు వీపు మీదకి రాగానే ముందు మడమ నేలకి ఆనించి, తర్వాత తుంటి తిప్పుతాడు. చేతులు బస్తా జారకుండా పట్టుకోవడానికే.

మరి ఒళ్లు పెద్దదైనకొద్దీ గెలుపు ఖాయమా? మనిషి ఎత్తు పదోవంతు పెరిగి మిగతా కొలతలూ అదే పాళ్లలో పెరిగాయనుకోండి. కండ అడ్డుకోత వైశాల్యం 1.21 రెట్లవుతుంది, బరువు 1.33 రెట్లవుతుంది. కండ లాగే బలం అడ్డుకోతని బట్టి ఉంటుంది కాబట్టి, కిలోకి దక్కే బలం తొమ్మిది శాతం తగ్గుతుంది. పెద్దవాడి గుద్దు బరువైనదే, కానీ వాడు తన ఒంటిని కదిలించడానికి ఎక్కువ ఖర్చుపెట్టాలి, త్వరగా ఆయాసపడతాడు. 1919 జులై 4న 85 కిలోల డెంప్సీ, 111 కిలోల జెస్ విల్లర్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు కింద పడేశాడు. 2009లో డేవిడ్ హే తనకన్నా 40 కిలోలకి పైగా ఎక్కువున్న, ఏడడుగుల వాల్యుయేవ్ మీద పాయింట్లతో గెలిచాడు. ఉసిక్ కూడా చిన్నవాడిగానే ఫ్యూరీ మీద గెలిచాడు. బరువు పెద్ద సాయం, నిజమే. దాన్ని మించగల సాయాలూ ఉన్నాయి.

ఈ విషయమంతటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇక ఇప్పుడు వస్తోంది. ముగ్గురు మనుషులు, మూడు పోటీలు. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ పదిహేను రౌండ్లు ఆడి అలీ మీద గెలిచాడు. చివరి రౌండులో ఎడమచేతి హుక్‌తో అతన్ని నేల మీద పడేశాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ ఆ ఫోర్‌మన్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఇప్పుడు ఈ ముగ్గురికీ ఒక్కొక్క అంకె ఇవ్వండి. ఫ్రేజియర్ అంకె అలీది కన్నా పెద్దదవ్వాలి, ఫోర్‌మన్‌ది ఫ్రేజియర్‌ది కన్నా పెద్దదవ్వాలి, అలీది ఫోర్‌మన్‌ది కన్నా పెద్దదవ్వాలి. అలాంటి మూడు అంకెలు లోకంలో లేవు.

కెన్ నార్టన్‌ని తెచ్చినా ఇదే కథ. 1973లో అతను అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. మరుసటి ఏడాది ఫోర్‌మన్ అతన్ని రెండు రౌండ్లలో ముగించాడు. అలీ తర్వాత ఫ్రేజియర్ మీదా నార్టన్ మీదా గెలిచాడు, కానీ అవి ఎముకలు అరిగిపోయే గెలుపులు. కారణం ఒళ్లలోనే కనబడుతుంది. ఫ్రేజియర్ వంగి లోపలికి చొచ్చుకొస్తాడు. కుడిచెయ్యి కిందికి దించి వెనక్కి వాలిపోయే అలీ అతని ఎడమ హుక్‌కి దొరికిపోతాడు. అలాగే వంగి వచ్చినందుకు ఫోర్‌మన్ పొడుగు చేతులకీ కింద నుంచి పైకి లేచే గుద్దుకీ ఎదురెళ్లినట్టవుతుంది. ఫోర్‌మన్ రెండు మూడు రౌండ్లలో తేల్చుకునేవాడు. తాళ్ల మీద వాలి దెబ్బలు కాచుకుంటూ అతన్ని ఖాళీ చెయ్యగల ఓపిక, ఎత్తు అలీకి ఉన్నాయి. బలం ఒక మనిషిలో నిల్వ ఉండే సరుకైతే ఇలా జరగదు. ఇద్దరు ఎదురుపడ్డాకే అది పుడుతుంది. అందుకే వీరులకి ఒకటి నుంచి పది దాకా వరస పెట్టే జాబితాల్ని నేను ఎంత ఇష్టంగా చదివినా నమ్మను. ఉన్నంతలో మంచి జవాబు వందలో ఎన్నిసార్లు అని చెప్పేది. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ టైసన్‌ని పడగొట్టినప్పుడు పందెం లెక్క ఒకటికి 42. ఆ ఒక్కసారి రావడానికి ఏ రాత్రైనా చాలు.

కాలాలు కలిసిన పోటీ మన దగ్గరా ఒకటి నిజంగానే జరిగింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పదమూడేళ్ల వయసులో విశాఖపట్నం సాయ్ కేంద్రానికి వచ్చి, ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ.వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకుంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీలకి ఎవరు వెళ్లాలో తేల్చే ట్రయల్‌లో ఆమె మేరీ కోమ్‌కి ఎదురు నిలిచింది. నిఖత్‌కి 23 ఏళ్లు, మేరీ కోమ్‌కి 37. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ ప్రపంచ విజేత అయ్యింది. అరుగు మీద అడిగితే ఎవరైనా అంటారు: జరిగిపోయిన పోటీకి ఇక వాదనెందుకని. కానీ ఢిల్లీలో కలిసింది తన వెలుగు దాటిన మేరీ, తన వెలుగు ఇంకా రాని నిఖత్. 2008 మేరీ, 2022 నిఖత్ ఎదురుపడలేదు. ఆ మేరీ తూకం 46 కిలోల తరగతి, ఈ నిఖత్ 52 కిలోల తరగతి. నిజంగా జరిగిన పోటీ కూడా మనం అడిగిన ప్రశ్నకి జవాబివ్వలేకపోయింది.

మరి కాలాలు దాటి న్యాయంగా పోల్చడం ఎక్కడైనా సాధ్యమేనా? సాధ్యమే, పెనుగొండకి పక్కనే చేస్తారు. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో. పాత రకాన్నీ కొత్త రకాన్నీ ఒకే రోజు నారు పోసి, ఒకే ఈడు మొక్కల్ని ఒకే చేలో చిన్న చిన్న మడుల్లో నాటి, ఒకే ఎరువు వేస్తారు. ప్రతి మడి గట్టున పుల్ల గుచ్చి, దానికి పేరో అంకో రాసిన చీటీ కడతారు. చేలో ఒక మూల పల్లం ఉండొచ్చు, ఒక మూల చవుడు ఉండొచ్చు. అందుకని ఒక్కో రకాన్నీ వేర్వేరు చోట్ల చీట్లు తీసినట్టు మళ్లీ మళ్లీ నాటుతారు. పోలికకి నిలబెట్టే పాత రకాన్ని చెక్ అంటారు. 1982లో వశిష్ఠ, మసూరి రకాల సంకరం నుంచి వచ్చిన స్వర్ణ, మా రైతుల నోట 7029, ఎన్నో సార్వాలుగా కొత్త రకాలకి అలాంటి కొలబద్ద. నలభై ఏళ్ల నాటి వీరుణ్ణి ప్రతి సార్వాకీ కొత్త వీరుడి పక్కన నిలబెట్టగలగడానికి కారణం విత్తనాన్ని దాచుకోగలగడమే.

అక్కడ కూడా ఒక ఆశ్చర్యం ఎదురైంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 విడుదల చేసింది. మరుసటి ఏడే ఆ విత్తనాన్ని చల్లి దిగుబడితో చుట్టుపక్కల ఊళ్లని విస్తుపోయేలా చేసిన రైతు మా పొరుగు ఆచంటకి చెందిన నెక్కంటి సుబ్బారావు. ఆయన్ని తర్వాత మిస్టర్ ఐఆర్ 8 అనే పిలిచారు. కొన్ని దశాబ్దాల తర్వాత ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు అదే రకాన్ని తమ చేలో మళ్లీ నాటారు. దిగుబడి తొలినాళ్ల కన్నా దాదాపు 15 శాతం తగ్గింది. విత్తనం గుణం మారలేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ మారాయి. పురుగులూ తెగుళ్లూ మారాయి, మట్టి మారింది. 1979 నుంచి 2003 లోపు ఆ కేంద్రంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1.13 డిగ్రీలు పెరిగింది. రాత్రి వేడెక్కితే మొక్క పగలు సంపాదించుకున్నదాంట్లో ఇంకాస్త ఎక్కువ ఊపిరి తీసుకోవడానికే ఖర్చుపెడుతుంది.

ఇది చదివాక మా అరుగు మీది వాదన నాకు విడిపోయి కనబడింది. తాతా మనవడూ ఒకే ప్రశ్న మీద కొట్లాడుకోవడం లేదు. మనవడు అడుగుతున్నది దాచిన విత్తనాన్ని ఈనాటి చేలో చల్లమని: 1966 అలీని ఉన్నవాణ్ణి ఉన్నట్టు రియాద్ రింగులో దింపితే ఏమవుతుంది? పెదనాన్నగారు అడుగుతున్నది వేరు. ఆ గుణాలున్న బిడ్డ ఈనాడు పుట్టి, ఈనాటి తిండి తిని, ఈనాటి గురువుల దగ్గర పెరిగితే? వరిలో దానికీ ఒక ఉదాహరణ ఉంది. మా 7029కే ముంపు తట్టుకునే జన్యువు చేర్చి స్వర్ణ సబ్1 తయారుచేశారు. 2009లో మన దేశంలో విడుదలైంది. పాత స్వర్ణ కుళ్లిపోయే నీళ్లలో అది రెండు వారాల దాకా ప్రాణం బిగబట్టి, నీరు తియ్యగానే మళ్లీ చిగురిస్తుంది. అది స్వర్ణే. 1982 స్వర్ణ మాత్రం కాదు.

ప్రశ్నలు రెండని తేలాక మూడోది మిగులుతుంది. ఎవరి రింగు? ఎవరి నియమాలు? 1952లో జెర్సీ జో వాల్కాట్ నుంచి మార్సియానో బెల్టు గెలిచింది పదమూడో రౌండులో. అప్పటిదాకా జడ్జీల కాగితాల మీద అతను వెనకబడే ఉన్నాడు. 1982లో దక్షిణ కొరియా కుర్రాడు కిమ్ దుక్ కూ పోటీ తర్వాత చనిపోయాక పదిహేను రౌండ్లు పన్నెండుకి తగ్గుతూ వచ్చాయి. ఇప్పటి నియమమైతే వాల్కాట్ ఆ రాత్రి బెల్టు నిలబెట్టుకునేవాడు, ఓటమి లేని మార్సియానో అనే మాటే ఉండేది కాదు.

ఉగాదికి మళ్లీ పెనుగొండ వెళ్లాను. చేలో దాళ్వా పాలు పోసుకుంటోంది. ఈసారి ముందే ఏళ్లు రాయించాను. పెదనాన్నగారు 1966 నవంబరు అన్నారు, మనవడు 2024 మే అన్నాడు. ఇద్దరినీ ఉన్నవాళ్లని ఉన్నట్టే తెద్దామని ఒప్పించాను. బరువు తేడా అయిదు కిలోలు, దానికి పెద్ద విలువ లేదు. ఎత్తు ఇద్దరిదీ ఒకటే, ఆరడుగుల మూడంగుళాలు.

అప్పుడు మనవడు ఫోన్ తీశాడు. వాడు ఊరికే కూర్చోలేదు. ఉసిక్ ఎడమచేతి వాటం మనిషి. అలీ అలాంటివాడితో ఎప్పుడు ఆడాడా అని వెతికి పట్టుకున్నాడు. 1966 సెప్టెంబరు, ఫ్రాంక్‌ఫర్ట్, కార్ల్ మిల్డెన్‌బెర్గర్. పెదనాన్నగారు చెబుతున్న హ్యూస్టన్ రాత్రికి దాదాపు రెండు నెలల ముందు. అలీ గెలిచాడు, కానీ పన్నెండో రౌండు దాకా పట్టింది. మామూలుగా అలవోకగా తగిలే అతని ఎడమ జాబ్‌కి, ఎదుటివాడి ముందుకొచ్చిన కుడిచెయ్యి అడ్డం పడుతూ వచ్చింది. కాళ్లు కూడా ఎటు తిరగాలో తడబడ్డాయి.

పెదనాన్నగారు కళ్లజోడు సవరించుకుని ఆ ముక్క రెండుసార్లు చూశారు. "తడబడ్డాడు, నిజమే" అన్నారు. మూడు నెలల్లో ఆయన ఒప్పుకున్న మొదటి మాట అది. "కానీ దారి కనిపెట్టాడు చూడు, పన్నెండోదానికి."

నన్నడిగారు. మిల్డెన్‌బెర్గర్ కన్నా ఉసిక్ ఎంతో పైవాడు. అలీ ఆ ఏటి కాళ్లు ఏ హెవీవెయిట్‌కీ మళ్లీ రాలేదు. పన్నెండు రౌండ్లయితే వందలో 52 అలీకి, పదిహేనయితే 60 అన్నాను. పొడుగు పోటీలో దారి కనిపెట్టడానికి అతనికి వ్యవధి ఉంటుంది.

"పదిహేనే" అన్నారు పెదనాన్నగారు.

"తాతయ్యా, 2024లో పదిహేను ఎక్కడివి? పన్నెండే."

"మా వాడు మీ ఊరు వస్తున్నాడు కదరా, రౌండ్లైనా మావి కానీ."

"అయితే గ్లవ్స్ మావి" అన్నాడు వాడు. ఆ కాలం గ్లవ్స్ ఎన్ని ఔన్సులో చూద్దామని మళ్లీ ఫోన్ అందుకున్నాడు.